బీరువాలో పడున్న రీలు కెమెరాతో ఇంట్లోవాళ్ల ఫోటోలు తీయడం ఎలా

కువైట్ పోయొచ్చిన మామ తెచ్చిన ఒలింపస్సో, అమ్మానాన్నల పెళ్లయిన కొత్తలో కొన్న యాషికానో, కోడాక్ కేబీ10నో, కడప చుట్టుపక్కల చాలా ఇళ్లలో బీరువా పైఅరలో ఒక చిన్న రీలు కెమెరా ఇంకా ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే ఎట్లాగో తెలీదు. వాడొచ్చు. రీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, కడిగేవాళ్లూ ఉన్నారు. కాకపోతే రీలు, కడుగుడు, స్కాను, కొరియరు అన్నీ లెక్కేస్తే బటన్ నొక్కిన ప్రతిసారీ కొన్ని పదుల రూపాయలు పోతాయి కాబట్టి ఫోన్‌లో తీసినట్టు పదిసార్లు నొక్కి తర్వాత ఏరుకుందాంలే అంటే కుదరదు.

ఒక్క సంగతి ముందే చెప్తాను, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఈ చిన్న కెమెరాలకు పనికొచ్చే దూరం నాలుగైదు అడుగుల దగ్గర మొదలై పది పన్నెండు అడుగుల దగ్గర అయిపోతుంది. ఇంట్లోవాళ్లు ఆ మధ్యలో ఉంటే చాలు, ఫోటో వస్తుంది.

ముందు లోపల పాత రీలు ఉందేమో చూడండి

కెమెరా చేతికి రాగానే వెనక తలుపు తెరవాలనిపిస్తుంది. ఆగండి. చాలా వాటికి వెనక తలుపు మీద సన్నటి కిటికీ ఉంటుంది, అందులోంచి పసుప్పచ్చగానో ఆకుపచ్చగానో రీలు డబ్బా కనిపిస్తే లోపల ఎవరివో పుట్టెంట్రుకల ఫోటోలో, గృహప్రవేశం ఫోటోలో ఉన్నాయన్నమాట. తలుపు తీస్తే వెలుతురు తగిలి అవి పాడవుతాయి. ముందు రీలును డబ్బాలోకి వెనక్కి చుట్టాలి. మోటారు ఉన్న కెమెరా అయితే కొత్త సెల్లు వేసి, అడుగునో పక్కనో గుంటలో ఉండే చిన్న బటన్‌ను పెన్ను మొనతో నొక్కితే దానంతటదే గిర్రున చుట్టుకుంటుంది. చేత్తో తిప్పేదైతే అడుగున ఉన్న బటన్ నొక్కి, రీలు డబ్బా వైపు ఉండే పిడిని బాణం గుర్తు చూపించినట్టు తిప్పుతూ పోండి, బిగువు వదిలి పిడి తేలిగ్గా తిరిగేదాకా. ఇరవై ఏళ్ల నాటి కలర్ రీలైనా కడిగిస్తే ఎంతో కొంత వచ్చే అవకాశం ఉంది, రంగులు మాసిపోయి గరుకుగా ఉన్నా మనిషిని గుర్తుపట్టొచ్చు. ఇచ్చేటప్పుడు పాత రీలని ల్యాబ్‌వాళ్లకు చెప్పండి, అంతే.

తలుపు తీశాక ఒక పక్క రీలు డబ్బా పట్టే గుండ్రటి గది, ఇంకో పక్క రీలు చుట్టుకునే కడ్డీ కనిపిస్తే అది మామూలు 35 మిల్లీమీటర్ల కెమెరా. అట్లా కాకుండా చిన్న మూత తెరిచి డబ్బాను నిలువుగా లోపలికి జారవిడిచే రకమైతే అది ఏపీఎస్ కెమెరా. ఆ రీళ్ల తయారీ 2011లోనే ఆగిపోయింది, దాన్ని షోకేసులో పెట్టుకోవడమే. ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా కొనొద్దు.

తర్వాత సెల్లు. కేబీ10 లాంటి వాటికి పెన్సిల్ సెల్లు రెండు కావాలి, రిమోట్‌లో వేసే సన్నవి కాదు, గోడ గడియారంలో వేసే సైజువి. ఒలింపస్ మ్యూ లాంటి వాటికి పొట్టిగా లావుగా ఉండే 3 వోల్టుల సీఆర్ 123ఏ లిథియం సెల్లు కావాలి, ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. సెల్లు పెట్టే చోట తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే ఇయర్‌బడ్‌ను నిమ్మరసంలో ముంచి తుడిచి, బాగా ఆరాక వేయండి. తలుపు తీసే ఉంచి లెన్సును కిటికీ వైపు పెట్టి బటన్ నొక్కండి, వెనక నుంచి చూస్తే లెన్సులో వెలుగు ఒక్క క్షణం మెరిసి పోవాలి. కొన్ని చవక కెమెరాల్లో రీలు లేకపోతే బటన్ పడదు, లోపలి పళ్లచక్రాన్ని వేలితో తిప్పితే అప్పుడు పడుతుంది. ఫ్లాష్ లైటు వెలగడానికి అర నిమిషం పడుతుందంటే సెల్లులో పస లేనట్టే. ఫ్లాష్ అస్సలు వెలగకపోతే మాత్రం స్క్రూడ్రైవర్ పెట్టి విప్పొద్దు. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఉంటుంది, సెల్లు తీసేసినా చాలాసేపు పట్టుకునే ఉంటుంది, ఝల్లుమనిపిస్తుంది.

లెన్సులో సాలెగూడు లాంటి బూజు ఉందేమో కూడా చూడండి. మన సీమ పొడి గాలికి అది తక్కువే. కోస్తా నుంచో చెన్నై నుంచో వచ్చిన కెమెరా అయితే టార్చి వేసి మరీ చూడాలి.

ఏ రీలు కొనాలి

రీలు డబ్బా మీద 200, 400 అని అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదైతే ఫోటోకు అంత తక్కువ వెలుతురు చాలు. ఇంట్లో, వసారాలో, సాయంత్రం పూట తీసేదెక్కువైతే 400 రీలు. పూర్తిగా బయట ఎండలోనే అంటే 200 చాలు. కోడాక్‌లో గోల్డ్, కలర్‌ప్లస్ 200వి, అల్ట్రామ్యాక్స్ 400ది. ఒకటే రీలు తెచ్చుకుంటామంటే నేను 400కే ఓటేస్తాను, ఎందుకంటే ఫ్లాష్ పోయే దూరం 100 రీలుతో పోలిస్తే 400తో రెట్టింపు అవుతుంది. 100తో పది పన్నెండు అడుగుల దాకా పోయేది 400తో ఇరవై అడుగులకు పైనే పోతుంది. ఎండలో 400 ఎక్కువైపోదా అని టెన్షన్ పడకండి, కలర్ నెగటివ్, అంటే ఈ మామూలు కలర్ రీలు, ఎక్కువ వెలుతురును బాగానే తట్టుకుంటుంది. దానికి పడనిది చీకటి. వెలుతురు చాలకపోతే ఫోటో బురద రంగులో వస్తుంది, స్కాన్‌లో ఎంత లాగినా బాగుపడదు.

రీలు డబ్బా మీద నలుపు, వెండిరంగు గళ్లుంటాయి చూడండి, అది డీఎక్స్ కోడ్. కోడాక్ 1983లో తెచ్చింది. మోటారు కెమెరాలు ఆ గళ్లు చదివి రీలు 200దో 400దో తెలుసుకుంటాయి. అంతకు ముందు కెమెరా అయితే లెన్సు చుట్టూ ఉన్న అంకెల్ని మీరే తిప్పి పెట్టాలి.

ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే సినిమా రీళ్ల దగ్గర జాగ్రత్త. పొడవాటి సినిమా రీలును కోసి చిన్న డబ్బాల్లో చుట్టి అమ్ముతారు. వాటిలో చాలా వాటికి వెనక నల్లటి పూత ఉంటుంది, మామూలు ల్యాబ్‌లో వేస్తే ఆ పూత రాలి వాళ్ల మందునీళ్లు, పక్క రీళ్లు అన్నీ పాడవుతాయి. సినిమా రీళ్లు కడిగేవాళ్లు తెలిస్తేనే కొనండి.

ఎక్కించడం

నీడలో ఎక్కించండి. డబ్బాను గదిలో కూర్చోబెట్టి, నాలుక లాంటి కొసను లోపల ఎర్ర గుర్తు దాకా మాత్రమే లాగి, పళ్లు రంధ్రాల్లో పడ్డాయో లేదో చూసి తలుపు మూయండి. మోటారు తనే చుట్టుకుని అంకె 1 చూపిస్తుంది. 0 దగ్గర మిణుకుమిణుకుమంటే పట్టుకోలేదని, తలుపు తీసి మళ్లీ పెట్టండి. కొస మరీ ఎక్కువ లాగినా తిప్పలే, లోపల మడత పడి ఇరుక్కుంటుంది. చేత్తో తిప్పే కెమెరాలో ఒకటి గమనించాలి: ముందుకు చక్రం తిప్పుతుంటే రీలు వైపు పిడి కూడా తనంతట తను తిరగాలి. అది కదలట్లేదంటే రీలు నడవట్లేదని అర్థం, 36 నొక్కినా ఒక్కటీ పడదు.

దూరం, అసలు పని ఇక్కడుంది

కేబీ10 లాంటి వాటిలో ఫోకస్ మార్చే ఏర్పాటే లేదు. సుమారు నాలుగైదు అడుగుల నుంచి అవతలికి అంతా స్పష్టంగా వచ్చేట్టు కంపెనీలోనే బిగించి పంపారు. కాబట్టి పాప బుగ్గలు ముద్దొస్తున్నాయని రెండడుగుల దగ్గరికి పోయి నొక్కితే బుగ్గలు మసకగా, వెనకున్న గోడ మీద క్యాలెండర్ శుభ్రంగా వస్తాయి. రెండు పెద్ద అంగలు దూరం ఉండండి, సరిపోతుంది. దూరాన్ని తనే చూసుకుని సర్దుకునే ఆటోఫోకస్ కెమెరాలు ఇంకా దగ్గరికి పోనిస్తాయి, ఒలింపస్ మ్యూ 2 అయితే 35 సెంటీమీటర్ల దాకా. కానీ అంత దగ్గర ఇంకో చిక్కుంది. మీరు చూసే కిటికీ వేరు, ఫోటో పడే లెన్సు వేరు, రెంటికీ మధ్య రెండు వేళ్ల ఎడం. దూరంగా ఉన్నప్పుడు ఆ తేడా తెలీదు, దగ్గరైతే మీకు కిటికీలో నిండుగా కనిపించిన తలకాయ ఫోటోలో పైన కోసుకుపోతుంది. కిటికీ లోపల గీతలుంటాయి, దగ్గర ఫోటోలకు తల ఆ గీతలకు లోపలే ఉండాలి.

ఆటోఫోకస్‌లో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇద్దరి ఫోటోలో. జేజి, జేజినాయన అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు, మధ్యలో జానెడు సందు. కెమెరా మధ్య చుక్క ఆ సందులోంచి దూరి వెనకున్న వేపచెట్టును పట్టుకుంటుంది, వీళ్లిద్దరూ మసక. చేయాల్సిందల్లా చుక్కను జేజి ముఖం మీద పెట్టి బటన్ సగం నొక్కండి, పచ్చ లైటు వెలుగుతుంది. వేలు తీయకుండా కెమెరాను మళ్లీ మధ్యకు తిప్పి పూర్తిగా నొక్కండి. లేదంటే ఇంకో మార్గం, ఇద్దర్నీ దగ్గరికి జరగమనండి. ఈ వయసులో ఏందిరా అని జేజి ఎట్లాగూ నవ్వుతుంది, ఆ నవ్వు పడితే అంతకంటే ఏం కావాలి.

ఎంత దూరంలో నిలబడితే ఎంతమంది పడతారో ముందే తెలుసుకోవచ్చు. వీటిలో లెన్సు మామూలుగా 35 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. దానితో పది అడుగుల దూరం నుంచి తీస్తే దాదాపు పది అడుగుల వెడల్పు పడుతుంది, పన్నెండు నుంచి తీస్తే పన్నెండు. ఎత్తు అందులో మూడింట రెండు వంతులే. అంటే ఒక మనిషి తల నుంచి కాళ్ల దాకా రావాలంటే కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఎనిమిది తొమ్మిది అడుగులు దూరం పోవాలి, నిలువుగా పట్టుకుంటే ఆరేడు అడుగుల్లోనే అయిపోతుంది, ముఖం కూడా పెద్దగా వస్తుంది. నిలువుగా తిప్పినప్పుడు ఫ్లాష్ పైకి ఉండేట్టు చూసుకోండి, కిందకి ఉంటే ముఖం మీద నీడలు కిందనుంచి పైకి పడి అదోలా ఉంటారు.

పెద్ద గ్రూపు ఉంటే, అంటే నోములకో, తిరుణాలకో అక్కలు, బావలు, చిన్నాయన పిల్లలు అందరూ దిగితే, ఒకే వరుసలో నిలబెట్టకండి. వరుస సాగే కొద్దీ మీరు వెనక్కి పోవాలి, ముఖాలు మినపగింజలంత అవుతాయి. పెద్దవాళ్లు కుర్చీల్లో, పిల్లలు ముందు కింద, మిగతావాళ్లు వెనక. పన్నెండు అడుగుల నుంచి రెండుసార్లు నొక్కండి, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు ఎప్పుడూ. మీరూ అందులో ఉండాలంటే టైమర్ ఉంటుంది, పది సెకన్ల దాకా టైముంటుంది, నడిచి వచ్చి నిలబడొచ్చు, పరుగెత్తక్కర్లేదు.

వెలుతురు, ఫ్లాష్

మన ఎండ సంగతి మీకు చెప్పాలా. పదకొండు దాటాక నెత్తిమీద సూర్యుడితో ఎవరినైనా నిలబెడితే కళ్లున్న చోట రెండు నల్ల గుంటలు పడతాయి, దానికి తోడు కళ్లు చికిలించి చూస్తారు. వేపచెట్టు నీడో, వసారా అంచో చూసుకోండి. ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఉంటే ఇంకా మంచిది, ఆ గోడ మీద పడిన ఎండ తిరిగి ముఖం మీదికి మెత్తగా వస్తుంది. నాపరాయి పరిచిన ఇంట్లో మాత్రం ఇట్లాంటి సాయం రాదు, ఆ నల్ల బండలు వెలుతురు మింగేస్తాయి, తలుపు దగ్గర బాగుందనిపించినా రెండడుగులు లోపలికి పోతే చీకటే. అక్కడ ఫ్లాష్ వేసుకోండి.

చాలామంది ఫ్లాష్ రాత్రికే అనుకుంటారు. మెరుపు బాణం గుర్తు మాత్రమే ఉన్న మోడ్‌లో పెడితే పగలు కూడా కొడుతుంది, ఎండలో ఆ కళ్లగుంటల్ని అదే నింపుతుంది. గుమ్మంలో మనిషి నిలబడి వెనక వీధి తెల్లగా వెలిగిపోతున్నప్పుడు కూడా అంతే, ఫ్లాష్ లేకపోతే ముఖం నల్లగా పోతుంది. గుర్తుంచుకోండి, చాలా కెమెరాల్లో ఆఫ్ చేసి ఆన్ చేస్తే మోడ్ మళ్లీ ఆటోకు పోతుంది, ప్రతిసారీ పెట్టుకోవాలి.

కళ్లు ఎర్రగా రాకుండా ఉండే మోడ్‌లో ముందు చిన్న మెరుపులు కొట్టి, ఒక క్షణం ఆగి అసలు ఫ్లాష్ కొడుతుంది. మొదటి మెరుపుకే అయిపోయిందనుకుని పిల్లలు లేచి పరుగెత్తుతారు. పిల్లలకు ఆ మోడ్ వద్దు. వెనక బీరువా అద్దం, దేవుడి పటాల గాజు, స్టీలు సామాన్ల అర ఉంటే వాటికి ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొట్టకండి, తెల్లటి చుక్క పడుతుంది, కాస్త పక్కకు జరిగి వాలుగా తీయండి. వేళ్లు ఫ్లాష్ మీద, కెమెరా తాడు లెన్సు ముందు పడ్డా మీరు చూసే కిటికీలో తెలీదు, అది మీరే తడిమి చూసుకోవాలి. ఫ్లాష్ ఆపేసి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తీస్తే ముఖాలు ఆకుపచ్చగా తిరుగుతాయి, పైగా షట్టర్ నెమ్మదించి చెయ్యి కదిలిందంటే అంతా చెరిగిపోతుంది. తప్పదనుకుంటే ద్వారబంధానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నొక్కండి.

గండికోట, ఒంటిమిట్ట లాంటి చోట్ల

గండికోటలో పెన్నా లోయ అంచున ఎవరినైనా నిలబెట్టి, లోయ మొత్తం రావాలని మీరు వెనక్కి వెనక్కి పోతారు, చివరికి మనిషి చీమంత, లోయ కూడా ఫోటోలో ఏం పెద్ద లోతుగా రాదు. తిప్పి ఆలోచించండి: మనిషిని అంచుకు బాగా ఇవతల, మీకు ఐదారు అడుగుల్లో, పక్కకు నిలబెట్టి మిగతా సగంలో లోయను వదలండి. కేబీ10 లాంటి ఫిక్స్‌డ్ ఫోకస్ అయితే రెండూ స్పష్టంగానే వస్తాయి. ఆటోఫోకస్ అయితే ముఖం మీద సగం నొక్కి తిప్పుకోండి. సాయంత్రం పక్కనుంచి ఎండ పడుతున్నప్పుడైతే ఆ ఎర్ర రాళ్లు రంగు తేలతాయి. కెమెరా కిటికీలో కన్ను పెట్టి అక్కడ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు, ముందు కన్ను తీసి వెనక చూసుకుని తర్వాత జరగండి.

ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. జనంలో దూరంగా నిలబడి మండపం వైపు ఫ్లాష్ కొడితే ముందు వరుసలో ఉన్నవాళ్ల తలకాయలు తెల్లగా, మండపం నల్లగా వస్తుంది. ఆ పని టీవీవాళ్లకు వదిలేసి, మీ పక్కన తలంబ్రాల కోసం కొంగు పట్టిన అమ్మను తీయండి, ఆరడుగుల్లోనే ఉంది కదా. పగలు గుడికి పోతే లోపల ఫోటోలకు అనుమతి ఉందో లేదో అడిగి తీయండి. ఉగాది నాడు దేవుని కడపకు ముస్లింలు కూడా వచ్చి వెంకన్నకు మొక్కుకునే సంప్రదాయం ఉంది కదా, ఆ రద్దీలో మాత్రం కెమెరా తాడు మణికట్టుకు చుట్టుకోండి, మిగతాది చూసుకోవచ్చు.

వేడి

రీలుకు శత్రువు మన వేసవి. 43, 44 డిగ్రీల్లో బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో కెమెరా పెట్టి వెళ్తే రంగులు మారిపోతాయి. వాడని రీళ్లు ప్లాస్టిక్ డబ్బాతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి, తలుపు అరలో చాలు. వాడే ముందు బయట పెట్టి గంటా రెండు గంటలు ఆగి అప్పుడు మూత తీయండి, లేకపోతే చల్లటి రీలు మీద చెమ్మ పడుతుంది. విమానంలో పోయేటట్టయితే రీళ్లు లగేజీలో వేయొద్దు, చేతి బ్యాగులో పెట్టుకుని చేత్తో చెక్ చేయమని అడగండి. ఎయిర్‌పోర్టులో బ్యాగులు తనిఖీ చేసే కొత్త సీటీ స్కానర్లలో ఒక్కసారి పోయినా రీలు మసకబారే ప్రమాదం ఉంది.

కడిగించడం

36 అయ్యాక మోటారు తనే వెనక్కి చుట్టుకుంటుంది, చప్పుడు పూర్తిగా ఆగేదాకా తలుపు జోలికి పోవద్దు. ఊళ్లో ఫోటో స్టూడియోవాళ్లను అడిగి చూడండి, కానీ చాలాచోట్ల రీలు కడిగే మిషన్లు తీసేశారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ల్యాబ్‌లకు కొరియర్‌లో పంపుకోవాల్సి రావచ్చు. కలర్ నెగటివ్ ఎక్కడైనా సీ-41 అనే ఒకే పద్ధతిలో కడుగుతారు, మొదటి మందునీళ్లు 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. వేడి కాస్త అటూఇటూ అయినా, మందు పాతదైనా రంగులు తేడా వస్తాయి. అందుకే రోజూ రీళ్లు కడిగే ల్యాబ్‌ను చూసుకోండి, నెలకోసారి మిషన్ ఆన్ చేసేవాళ్లకు చవకని ఇవ్వొద్దు.

ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: స్కాన్ ఎంత పెద్దది ఇస్తారు, నెగటివ్‌లు తిరిగి పంపుతారా. వెడల్పు 3000 పిక్సెళ్లుంటే మ్యాక్సీ ప్రింటుకు, ఇంకాస్త పెద్ద సైజుకూ సరిపోతుంది. నెగటివ్‌లు తప్పకుండా తెప్పించుకోండి, స్కాన్లున్న ఫోన్ పోయినా మళ్లీ వాటినుంచే తీయించుకోవచ్చు. ఆరారు ముక్కలుగా కోసి ప్లాస్టిక్ కవర్లో ఇస్తారు, అంచులు మాత్రమే పట్టుకోండి, కవరు మీద నెల, సంవత్సరం, ఊరు రాసి బీరువాలో బట్టల మధ్య కాకుండా విడిగా డబ్బాలో పెట్టండి, నాఫ్తలీన్ ఉండలు వద్దు.

ప్రింట్లు వేయించి పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు వెనక పేర్లు రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు గాట్లు తేలతాయి, సన్న మార్కర్‌తో అంచున రాసి, సిరా ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకండి.